ఆనకట్టల దగ్గర హద్దెక్కడో, నీళ్లెప్పుడో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆనకట్టల దిగువన చేపలకు దిగి కొట్టుకుపోయినవాళ్ల గురించి వానాకాలంలో పత్రికల్లో చదువుతూనే ఉంటాం. అలాంటి వార్తల్లో ఎక్కువగా కనిపించే మాట ఒకటుంది: హెచ్చరికలు లెక్కచేయకుండా నీళ్లలోకి దిగారని. దాంతో వార్త అయిపోతుంది, విచారణా అయిపోతుంది. ఆ హెచ్చరిక ఏమిటి, ఎక్కడ పెట్టారు, దిగినవాడికి అది అర్థమయ్యేలా ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. అది అడగడానికే ఈ లేఖ.

మనుషులు అక్కడికే ఎందుకు వెళ్తారో ముందు ఒప్పుకోవాలి. చేపలు అక్కడే ఉంటాయి. వరద నీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కే చేపకు ఆనకట్ట అడ్డుగోడ. దాటలేక దాని కిందే గుంపులుగా తిరుగుతుంది. పైనుంచి పడే నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా కలుస్తుంది, గేట్ల గుండా, టర్బైన్ల గుండా చిన్న చేపలు దెబ్బతిని కొట్టుకొస్తాయి. వాటిని తినడానికి పెద్దవి చేరతాయి. సముద్రం నుంచి గోదావరిలోకి వచ్చే పులస ధవళేశ్వరం దిగువనే ఎక్కువగా దొరకడానికి కారణం కూడా ఆ అడ్డే. కాబట్టి వల ఉన్నవాడి చూపు ఆనకట్ట పాదం మీదే ఉంటుంది. 'అక్కడికి వెళ్లొద్దు' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే ఎవరూ ఆగరు. ఆపాలంటే అపాయం ఎలా వస్తుందో చెప్పాలి.

అది మామూలు వరదలా రాదు. వాన పడితే ఏరు రంగు మారుతుంది, చెత్త కొట్టుకొస్తుంది, మనిషి కాస్త ముందే కనిపెడతాడు. ఆనకట్ట దిగువన ఈ గుర్తులేవీ ఉండవు. పైన నిర్మలమైన ఆకాశం, కాళ్ల కింద పొడి రాళ్లు, అయినా నీళ్లు వచ్చేస్తాయి. జలవిద్యుత్ కేంద్రాలకు వానతో పనిలేదు. కరెంటు వాడకం పెరిగే పొద్దున, సాయంత్రం వేళల్లో టర్బైన్లు తిప్పుతారు. నిమిషాల్లో పూర్తి స్థాయిలో నడపగలగడమే వాటి ప్రత్యేకత. అందుకే మధ్యాహ్నం నడిచి దాటిన పాయ సాయంత్రానికి దాటలేని ఏరవుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. పాచి పట్టిన రాయి మీద నిలబడ్డవాణ్ని పడగొట్టడానికి పిక్కల లోతు నీళ్లు చాలు.

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో జరిగిన ఘోరం తెలుగువాళ్లం మరిచిపోయేది కాదు. లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లలో హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు చేపలకు వెళ్లలేదు, ఫొటోలు దిగడానికి నది మధ్య రాళ్ల మీదికి వెళ్లారు. అక్కడ ఈత ఎవరికెంత వచ్చన్నది ప్రశ్నే కాలేదు. చూస్తుండగానే చుట్టూ నీరు పెరిగింది, ఒడ్డుకు దారి లేకుండా పోయింది. గాలం వేసుకుని రాయి మీద కూర్చున్నవాడి పరిస్థితీ ఇదే. పైగా అతని కళ్లు గాలం మీదే ఉంటాయి.

సైరన్ ఉంది కదా అంటారు. ఎన్నోచోట్ల ఉంది, కాదనను. కానీ పారే నీటి హోరులో, ఎదురుగాలిలో అది ఎంతదూరం వినిపిస్తుందో ప్రాజెక్టు సిబ్బంది దిగువన నిలబడి పరీక్షించాలి. ఒక కూతకు అర్థమేమిటి, మూడు కూతలకు అర్థమేమిటి, మోగిన ఎంతసేపటికి నీళ్లు వస్తాయి? ఇది రేవు దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఉండాలి. చదువు రానివాళ్లకు బొమ్మ ఉండాలి. మోగిన వెంటనే గేటు ఎత్తేస్తే ఆ సైరన్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నది మధ్య లంకలో ఉన్న మనిషి వల చుట్టుకుని ఒడ్డుకు చేరేంత సమయమన్నా ఇవ్వాలి. మొదట కొద్దిగా వదిలి, కాసేపు ఆగి, తర్వాత పెంచడం కూడా ప్రాణాలు కాపాడే పద్ధతే. అత్యవసర వరద లేని రోజుల్లో దానికి అడ్డేమీ ఉండదు.

పెద్ద డ్యాములకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేవి చిన్న అలుగులూ చెక్ డ్యాములూ. ఇవి చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. మనిషి నడుమెత్తు గోడ, మీదుగా సన్నగా జారే నీరు, పిల్లలు కూడా దిగుతారు. ప్రవాహం పెరిగినప్పుడు గోడ మీంచి పడ్డ నీరు అడుగుకు దూకి, కొంతదూరం పోయి పైకి తేలి, మళ్లీ గోడవైపే తిరిగి వస్తుంది. కవ్వం కింద పెరుగులా నీరు అక్కడే తిరుగుతూ ఉంటుంది. అందులో చిక్కినవాణ్ని కిందికి లాగి, పైకి తేల్చి, మళ్లీ గోడ దగ్గరికే తెస్తుంది. ఆ తెల్లటి నురగలో గాలి ఎక్కువ కాబట్టి మనిషి మామూలుగా తేలినంత తేలడు, లైఫ్ జాకెట్ కూడా పూర్తిగా ఆదుకోదు. 1975లో అమెరికాలోని బింగ్‌హామ్టన్ దగ్గర ఇలాంటి చిన్న ఆనకట్ట కిందే కాపాడటానికి పడవలో వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. శిక్షణ ఉన్నవాళ్ల సంగతే అది. తమ్ముడు మునుగుతుంటే అన్న దూకడం, ఇద్దరూ పోవడం మన దగ్గర ఎందుకు జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. దూకకూడదు. ఒడ్డు నుంచే తాడు విసరాలి, పొడవాటి గడ అందించాలి, కేకలేసి మనుషుల్ని పిలవాలి. ఇది బడిపిల్లలకు కూడా నేర్పాలి.

మన దేశంలో 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చింది. అది ప్రధానంగా 15 మీటర్లు దాటిన డ్యాములకూ, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికీ వర్తిస్తుంది. నడుమెత్తు అలుగు అందులోకి రాదు. ఆ గోడ దగ్గర కనీసం ఒక బోర్డు, ఒడ్డున కట్టి ఉంచిన ఒక తాడు, గాలి నింపిన ఒక ట్యూబు పెట్టించడానికి పంచాయతీ చాలు. పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు.

ఎగువన ప్రమాదం వేరే రకం. గేటు అడుగు నుంచి తెరుచుకుంటుంది, లాగుడు కింద ఉంటుంది, పైన నీరు నిలకడగా కనిపిస్తుంది. పుట్టి గేటు వైపు జరగడం మొదలయ్యాక తెడ్డుతో దాన్ని వెనక్కి తిప్పడం చాలా కష్టం. తేలే పీపాలు కట్టిన వరుస ఉంటే దాన్ని దాటకండి. లేకపోతే వేయమని అధికారులను అడగండి.

ఇక చట్టం. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం. ఇప్పుడు బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టి నీళ్లలోకి కరెంటు వదిలేవాళ్లు బయల్దేరారు. చేపతోపాటు పిల్లచేప, గుడ్డు, ఒక్కోసారి పట్టేవాడు కూడా పోయే పద్ధతి అది. వీళ్లమీద కఠినంగా ఉండాలనడంలో నాకు రెండో మాట లేదు. గుడ్లు పెట్టే కాలంలో వేట మానడం, చేపలు ఆనకట్ట దాటి ఎగువకు ఎక్కడానికి కట్టిన మెట్లలో వల వేయకపోవడం, సన్నకన్ను వలలు వాడకపోవడం కూడా పాటించాల్సినవే. ఏటికి ఎదురెక్కుతున్న తల్లిచేపను ఆనకట్ట కింద పట్టేస్తే వచ్చే ఏడాది వలకు ఏం మిగులుతుంది?

అయితే చట్టాన్ని పాటించాలనుకునే మనిషికి అది కనిపించాలి కదా. నిషేధం ఎన్ని మీటర్ల దాకా? ఒక ప్రాజెక్టు దగ్గర ఒక దూరం, ఇంకోచోట ఇంకో దూరం. బోర్డు మీద 'ప్రవేశం లేదు' అని తప్ప ఎక్కడి నుంచి లేదో ఉండదు. ఒడ్డున రెండువైపులా రంగు వేసిన రాళ్లు పాతి, హద్దు ఇదీ అని చూపించడానికి ఖర్చెంత? ఆ హద్దుకు దిగువన, నీరు పెరిగితే వెంటనే ఎక్కగలిగే మెట్లతో ఒక రేవును మత్స్యకారుల సంఘంతో మాట్లాడి కేటాయించాలి. లైసెన్సు తీసుకుని ఇదే బతుకుగా ఉన్నవాళ్లనీ, ఆదివారం సరదాకు వచ్చేవాళ్లనీ ఒకే గాటన కట్టి లాఠీతో తరమడం న్యాయం కాదు. తరిమితే రాత్రిపూట వస్తారు, అప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ.

చేపలకు వెళ్లే సోదరులకూ ఒక మాట. దిగేముందు తిరిగి ఎక్కే దారి చూసుకోండి. నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని మధ్యమధ్యలో చూస్తుండండి. అది మునిగితే గాలం వదిలేసైనా పైకి రండి. ఒంటరిగా, మందు తాగి, చీకట్లో దిగొద్దు. విసురువల తాడు చేతికి బిగించి కట్టుకోవద్దు, వల పోయినా మళ్లీ అల్లుకోవచ్చు.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. గేట్లు ఎత్తినప్పుడు ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలారని రాస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు, ఆ లెక్క ఇంజినీర్లకు చాలు. రేవులో ఉన్నవాడికి కావలసింది వేరే: నీళ్లు ఏ ఊరి దగ్గరికి ఎన్నింటికి చేరతాయి, అక్కడ ఎన్ని అడుగులు పెరుగుతాయి అన్నది. ఆ రెండు వివరాలూ అధికారులను అడిగి వార్త మొదట్లోనే వేయండి. వాళ్ల దగ్గర సమాచారం లేకపోతే, లేదన్న సంగతే వార్తగా రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు