మా కృష్ణుడు కువైట్‌కు ఎందుకు పోయాడు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో కువైట్‌లో పద్యాలు పాడుతున్న మన కడప నటుడి గురించి వేశారు. పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవాడు ఆయన. కిరీటం, పిల్లనగ్రోవితో ఫొటో కూడా బాగుంది. అది చూసి నలుగురు నాకు ఫోన్ చేశారు. పన్నెండేళ్ళు ఆయన పద్యానికి హార్మోనియం వాయించింది నేనే. అయితే వార్త పూర్తిగా చదివాక మనసుకు కష్టమైంది. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

విదేశాల్లో కళాకారుడిగా ఎదిగాడని రాశారు. ఆయన పాడటానికి పోలేదండీ. ఇంటి పనివాళ్ళకిచ్చే ఇరవై నంబరు వీసా మీద ఒక ఇంటికి డ్రైవరుగా పోయాడు. శుక్రవారం సెలవు దొరికితే, తెలుగువాళ్ళు ఎవరైనా పిలిస్తే పాడతాడు. పండగలకు వేషం కడతాడు. మిగతా రోజుల్లో పిల్లలను బడికి దింపడం, సామాన్లు మోయడం. గదిలో ఎనిమిది మంది ఉంటారు, ఒకరు నైట్ డ్యూటీ చేసి నిద్రపోతుంటారు. అందుకని కారు అద్దాలన్నీ ఎత్తుకుని లోపల కూర్చుని సాధన చేస్తాడు. మొన్న నాకు వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, చెవి మీద చెయ్యి పెట్టుకుని రాయబారం సీనులో పద్యం ఎత్తుకున్నాడు. నాలుగున్నర శ్రుతిలో, అంత ఎత్తున కూడా నిలబడే గొంతు అది. రాగం తీస్తుంటే మధ్యలో యజమాని పిలిచినట్టున్నాడు, 'ఉంటానన్నా' అని పెట్టేశాడు. ఇక్కడ నా వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే ఉండిపోయాయి.

ఎందుకు పోయాడో మీ విలేకరి ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. ఒకప్పుడు శివరాత్రి నుంచి శ్రీరామనవమి దాకా మేము ఇంట్లో పడుకున్న రాత్రులు తక్కువ. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారేదాకా నాటకం. జనం ఒన్స్ మోర్ అంటే ఒకే పద్యం మూడుసార్లు పాడేవాడు. ఇప్పుడు తిరునాళ్ళ కమిటీలకు డీజే కావాలి, రికార్డింగ్ డాన్సులు కావాలి. బుకింగులు తగ్గాయి. డ్రెస్సుల అద్దె, మేకప్ మనిషికి, తబలా ఆయనకు ఇచ్చాక హీరో వేషానికి మిగిలేది బస్సు చార్జీలే. చెల్లెలి పెళ్ళి అప్పు తలమీద పడితే ఇంకేం చేస్తాడు?

మా పట్టణంలో నాటకాలకని కట్టిన హాలు ఒకటుంది. దాని అద్దె పెళ్ళిళ్ళవాళ్ళు కట్టగలరు కానీ మేము కట్టలేం. తగ్గించమని అర్జీ పట్టుకుని ఒక కార్యాలయం చుట్టూ రెండేళ్ళు తిరిగాం. ఈ సీటు కాదు ఆ సీటు అన్నారు, సారు క్యాంపులో ఉన్నారన్నారు. కళాకారుల గుర్తింపు కార్డుల కోసం పాత కరపత్రాలు, ఫొటోలు జతచేసి ఇచ్చిన కాగితాలు కనబడటం లేదని మళ్ళీ ఇమ్మన్నారు. ఆ కరపత్రాలు మా దగ్గర ఒక్కో కాపీనే ఉండేవి.

ఉత్సవాలని పిలిచినప్పుడైనా మర్యాద ఉందా అంటే అదీ లేదు. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. ముఖానికి అర్దళం పూసుకుని, కిరీటం కట్టుకుని కృష్ణుడు తెర వెనక మూడు గంటలు నిలబడాలి. పెద్దలు కార్లెక్కి వెళ్ళాక, ఇరవై నిమిషాల్లో ముగించండి అంటారు. ఆ మాట విన్న రాత్రి ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. బడుల్లో చూస్తే పద్యాన్ని రాగం తీసి చదివించే అయ్యవార్లు కరువయ్యారు. పిల్లలు ఫోన్ నంబరు చదివినట్టు పద్యం చదువుతున్నారు. రేపు మా నాటకం వినేదెవరు?

ఇది నాటకం తెలియని నేల కాదు. 1885లో సురభి నాటకం పుట్టింది మన జిల్లాలోని సురభి గ్రామంలో. తరతరాలుగా ఆ నాటకాలాడే సురభి కుటుంబాలవాళ్ళు 2013లో ఫ్రాన్సు దాకా వెళ్ళి ఆడి వచ్చారు. తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ గారు 1928లో ఇంగ్లండుకు వెళ్ళి, తిరిగొచ్చి ఇక్కడి స్టేజీ ఎక్కారు. వాళ్ళు వెళ్ళింది నాటకం కోసం. మావాడు వెళ్ళింది నాటకం తిండి పెట్టక. ఈ రెండింటినీ ఒకే గర్వంతో రాయకండి, దయచేసి.

ఆయన కిరీటం, భుజకీర్తులు ఇప్పుడు వాళ్ళమ్మ మంచం కింద ట్రంకు పెట్టెలో, పాత చీరలో చుట్టి ఉన్నాయి. అద్దాలు ఊడకుండా ఆమె నెలకోసారి తీసి తుడిచి పెడుతుంది. వచ్చే శ్రీరామనవమికి సెలవు మీద వస్తున్నాడు, ఒక రాత్రి పూర్తి నాటకం ఆడాలని ఆశపడుతున్నాడు. తబలా ఆయన ఒప్పుకున్నాడు, నేనూ ఉన్నాను. ఆ రాత్రికి హాలు మాకు ఇవ్వాలంటే ఎవరి సంతకం కావాలో మీ విలేకరి కనుక్కుని మీ పేపరులోనే వేయండి. మాకు రెండేళ్ళు తిరిగినా తెలియలేదు.

ఇట్లు,
ఒక హార్మోనిస్టు,
కడప.