శ్రమదినాల్లో మానాల్సింది మాంసం ఒక్కటేనా?

సంపాదకులకు నమస్కారం. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఆదివారాలు పోను, యేసు శ్రమల్ని తలచుకునే ఈ 40 శ్రమదినాల్లో మన క్రైస్తవ సంఘాల్లో చాలామంది మాంసం మానేస్తారు, ఉపవాస కూటాలకు వెళ్తారు, మంచిదే. కానీ తమ్ముడి పొలంలోకి గట్టు జరిపినవాడు, పనిమనిషి జీతం నెలల తరబడి ఆపినావిడ అదే కూటంలో కన్నీళ్లతో ప్రార్థన చేసి, ఇంటికెళ్లాక గట్టునీ బాకీనీ అలాగే ఉంచితే పాపం ఎక్కడ పోయినట్టు? బైబిల్లో లూకా సువార్త 19వ అధ్యాయంలో, పన్నులు వసూలు చేసే ధనవంతుడు జక్కయ్య ఏడ్చాడని లేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, ఆ మాట తర్వాతే ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు చెప్పాడు. మన ప్రసంగాలు సినిమాలు, తాగుడు దగ్గరే ఆగిపోతున్నాయి, డబ్బు దాకా రావు. ప్రభువు బల్లకు, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు, ఎవరికైనా బాకీ ఉంటే తీర్చేసి రండి అని పాస్టర్లు ఈసారి సూటిగా చెప్పాలి.

– ఒక విశ్వాసి, గుంటూరు