థెడా బారా రీళ్ళు కాలిపోయాయి, మన రీళ్ళ సంగతేమిటి?

సంపాదకుల వారికి,

నమస్కారం. మన సినిమా పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్న ‘వ్యాంప్’ అన్న మాట జనం నోళ్ళలో నానడానికి ముఖ్య కారణం 1915 నాటి ఒక అమెరికన్ మూకీ చిత్రం, అందులో మగవాడి సంసారాన్ని కూల్చే స్త్రీగా నటించిన థెడా బారా. ఆమె అసలు పేరు థియోడోసియా గుడ్‌మన్. 1885లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో ఒక దర్జీ ఇంట్లో పుట్టింది. ఫాక్స్ సంస్థ ప్రచారకులు మాత్రం ఆమె ఈజిప్టులో పుట్టిందని చెప్పి, పేరులోని అక్షరాలను తారుమారు చేస్తే ‘అరబ్ డెత్’ అవుతుందని చాటి, అస్థిపంజరం పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీయించారు. ఆమె 1917లో క్లియోపాత్రాగా నటించింది. 1926 తరువాత తెర మీద కనిపించనే లేదు.

1937 జూలై 9న న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ ఫిల్ములు దాచిన గిడ్డంగి తగలబడింది. ఆ రోజుల్లో సినిమాలు తీయడానికి వాడిన నైట్రేట్ ఫిల్ము వేసవి వేడికి తనంతట తానే అంటుకునే సరుకు. నలభైకి పైబడిన ఆమె చిత్రాల్లో పూర్తిగా మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు, 1955 దాకా ఆమె బతికే ఉంది. ‘క్లియోపాత్రా’లో దొరికిన కొన్ని క్షణాల తునకను నేను చూశాను. కాటుక దట్టంగా దిద్దిన ఆ కళ్ళు ఇటు తిరిగేలోపే బొమ్మ అయిపోయింది. ఆమె మంచి నటో కాదో తేల్చుకుందామంటే ఆధారం లేదు, ప్రచారకులు అల్లిన కథలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మనకూ ఇదే జరిగింది. 1921 నాటి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ లేదు, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ లేదు. తొలి తెలుగు టాకీలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి గొంతును ఆ చిత్రంలో వినే భాగ్యం మనకు లేదు. కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళో మూతబడిన ఒక హాలులో తుప్పు పట్టిన రీలు డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది, ఫిల్ము చుట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నైట్రేట్ తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము చచ్చిపోయే తీరు అది.

పూణేలో 1964 నుంచి జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. అయినా ఇంటి అటకల మీద, గోదాముల్లో మగ్గుతున్న తెలుగు రీళ్ళు వాటంతట అవి అక్కడికి నడిచి వెళ్ళవు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రెండూ కలిసి చల్లదనం, తేమ అదుపులో ఉండే ఒక భాండాగారం కట్టాలి. నిర్మాతల హక్కులకు భంగం లేకుండా రీళ్ళను సేకరించి డిజిటల్ ప్రతులు తీయించాలి. ఈ పనిని వచ్చే వేసవిలోపే మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం