పాపకు అమ్మ ఉత్తరం

చిత్తూరు

పాపా,

అమ్మ ఆశీర్వదించి రాయునది.

వార్డులో ఆ పసివాడు చనిపోయిన సంగతి ఆదివారం ఫోనులో ఒక్క ముక్కలో చెప్పి, వెంటనే ఈ ఏడు మామిడికాయల ధర ఎలా ఉందని అడిగావు. అప్పటి నుంచి ఎప్పుడు పలకరించినా "బాగానే ఉన్నానమ్మా" అంటున్నావు. చెప్పమని నిన్ను వేధించను. కొన్ని సంగతులు అమ్మతో కూడా చెప్పలేము. అలాగని అది నీలోనే ఉండిపోకూడదు. రాసుకో పాపా. నాకు చూపించడానికి కాదు.

డాక్టరు చదువు చదివావు, ఆధారం లేనిదే నమ్మవు. అమెరికాలో పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సాండ్రా బీల్‌తో కలిసి 1986లో ఒక పరిశోధన ప్రచురించాడు. కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమను కలచివేసిన సంఘటననూ, అప్పుడు మనసు పడ్డ బాధనూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అయితే రాసిన వెంటనే మాత్రం వాళ్లకు దిగులు పెరిగింది. అందుకే ముందుగా చెబుతున్నాను, మొదటిరోజు ఏడుపు వస్తే భయపడి పుస్తకం మూసేయకు. తర్వాత జరిగిన పరిశోధనల్లో అందరికీ ఒకేలా మేలు జరగలేదు, జరిగిన మేలూ కొద్దిపాటిదే. నాకు మాత్రం రాసుకోవడం చాలా మేలు చేసింది.

మీ నాన్న చనిపోయిన ఏడాది తోట లెక్కల పుస్తకంలోనే రాసుకున్నాను. ముందు పేజీల్లో తోతాపురి కాయల తూకాలు, కూలీలు, గుజ్జు ఫ్యాక్టరీ నుంచి రావలసిన బాకీ. వెనక పేజీల్లో ఆయన మీద కోపం. అవును, కోపమే. చివరి రాత్రి ఆసుపత్రిలో నన్ను ఇంటికి వెళ్లి పడుకోమన్నారని ఎన్ని పేజీలు నింపానో! రాయగా రాయగా ఒకరోజు, తన అవస్థ నేను చూడకూడదనే అలా అన్నారేమో అని రాశాను. రాసేదాకా ఆ ఆలోచనే నాకు తట్టలేదు.

నువ్వూ వార్డులో ఆ రాత్రి జరిగింది వరసగా రాయి. ఎవరు ఏమన్నారో, నీ చేతులు ఏం చేస్తున్నాయో, ఆ తల్లి ముఖం చూడగలిగావో లేదో. బిడ్డ పేరు మాత్రం రాయకు, అది నీ వృత్తి ధర్మం. డ్యూటీ దిగగానే వద్దు, నిద్రపోయి లేచాక రాయి. హాస్టల్ గదిలో కుదరకపోతే కపిలతీర్థం మండపంలో కూర్చో. తర్వాత చింపేసినా నష్టం లేదు.

రాస్తుంటే తట్టుకోలేననిపిస్తే ఆపేయి. నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలని లేదనిపించినా అది రాతతో తీరేది కాదు. మీ పెద్ద డాక్టరుతో చెప్పు, లేదా మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రిపూట కూడా ఉంటారు. నాకు ఏ వేళ చేసినా ఎత్తుతాను.

మీ అత్త గురువారం తిరుపతి వస్తోంది. ఊరగాయతో పాటు రెండు రూళ్ల పుస్తకాలు పంపుతున్నాను. వాటిలో ఏం రాశావని ఎప్పుడూ అడగను.

ఇట్లు,
అమ్మ