సింగ్ నగర్‌కు ఇన్సులిన్ తెచ్చిన తమ్ముడికి

తమ్ముడూ, నీ పేరు అడిగేలోపే వెళ్లిపోయావు. అందుకే ఇలా అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మా కింది వాటా నీళ్లలో ఉంది, కరెంటు లేదు, అమ్మకు ఇన్సులిన్ అయిపోయింది. మేడ మీంచి నేను అరిచిన మందు పేరు విని, ఛాతీ లోతు నీళ్లలోనే వెనక్కి మళ్లావు. పొద్దు గూకే వేళకు మళ్లీ వచ్చావు. నెత్తిన తువ్వాలు చుట్టుకుని, దాని మీద స్టీలు టిఫిన్ డబ్బా. అందులో ఐసు ముక్కలు, ముడులేసిన కవర్లో ఇన్సులిన్ సీసా. ఐసు నేరుగా తగిలితే మందు గడ్డకట్టి పాడవుతుందని మధ్యలో గుడ్డ కూడా చుట్టావు. ఆ గుడ్డ చూసే అమ్మ ఏడ్చింది. సొంత కొడుకైనా అంత ఆలోచిస్తాడా అని. డబ్బులివ్వబోతే, "పక్క సందులో పసిపిల్లలున్నారక్కా, పాలు అందించాలి" అంటూ కదిలిపోయావు.

స్నేహమంటే ఏళ్ల తరబడి పరిచయం ఉండాలని అందరం అనుకుంటాం. నువ్వు మాకు పది నిమిషాలు కూడా కనబడలేదు. అయినా నీలాంటివాళ్లను చూశాకే కాబోలు, పార్కింగ్ గొడవతో మాటలు మానేసిన పై వాటావాళ్లూ మేమూ ఆ రాత్రి ఒకే కుక్కర్లో అన్నం వండుకున్నాం. ఇప్పుడు పండగొస్తే గిన్నెలు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

అమ్మ బాగుంది. ఎప్పుడైనా ఇటొస్తే మా ఇంట్లో భోంచేసి వెళ్లాలి, తమ్ముడూ.