గుడ్డు పైన పెన్సిల్ గుర్తు

చిన్నీ,

నిన్న ఫోనులో నువ్వన్న మాట రాత్రంతా చెవిలో మోగుతూనే ఉంది. "బ్లాస్టులా, గాస్ట్రులా, న్యూరులా... ప్రాస కుదిరిందని పేర్లు పెట్టినట్టున్నారమ్మా! భట్టీ పట్టడం తప్ప ఇందులో ఏముంది?" అన్నావు. ముప్పై ఏళ్లు పిండం పెరిగే ఆ దశల పాఠమే చెప్పినదాన్ని, కోపం రాలేదంటే అబద్ధం. నీ వయసులో నేనూ అదే అన్నాను కాబట్టి ఊరుకున్నాను. పైగా ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

నా మనసు మార్చింది ఒక గుడ్డు. ఇంక్యుబేటర్‌లో పెట్టి రెండు రోజులు దాటిన కోడిగుడ్లను ప్రాక్టికల్‌కు ఇచ్చారు. ప్రతి పెంకు మీదా పైవైపున పెన్సిల్ గుర్తు ఉంది. గుడ్డును పక్కవాటుగా పడుకోబెట్టి ఉంచితే పచ్చసొన లోపల మెల్లగా తిరిగి, పిండం ఉన్న వైపు పైకి వచ్చి నిలుస్తుంది. ఆ గుర్తు కిందే వెతకాలన్నమాట. ముందు సిరంజితో కొంచెం తెల్లసొన లాగేస్తే పిండం పెంకుకు ఎడంగా దిగుతుంది. అప్పుడు కత్తెర మొనతో చిన్న కిటికీ తెరవాలి. నేను తొందరపడి మొదటి గుడ్డులో పచ్చసొనను పొడిచేశాను. రెండోది దక్కింది. పచ్చసొన మీద పల్చటి తెల్లని పొర, దాని మీద ఎర్రటి నూలుపోగుల్లాంటి రక్తనాళాలు, నడుమ ఆవగింజలో సగం కూడా లేని చుక్క. ఆ చుక్క ఆగకుండా కొట్టుకుంటోంది! కాళ్లు లేవు, రెక్కలు లేవు, ఊపిరితిత్తులు లేవు. గుండె మాత్రం అప్పుడే పనిలోకి దిగిపోయింది.

ఆ చుక్కను దాదాపు 2,300 ఏళ్ల కిందటే అరిస్టాటిల్ చూశాడు. వరసగా గుడ్లు పగలగొట్టి, మూడు రోజులకు తెల్లసొనలో రక్తపు చుక్కలా గుండె కదులుతుందని రాసిపెట్టాడు. అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి ఏర్పడతాయనీ గ్రహించాడు. విచిత్రం ఏమిటంటే, సూక్ష్మదర్శిని వచ్చాక చాలామంది అంతకన్నా వెనక్కి పోయారు. 1694లో డచ్ శాస్త్రవేత్త హార్ట్‌సోకర్ శుక్రకణం తలలో ముడుచుకు కూర్చున్న బుల్లి మనిషి బొమ్మ గీశాడు. ఆ బుల్లి మనిషిలో ఇంకా బుల్లి మనిషి, అతనిలో మరొకడు... ఎక్కడ ఆపాలి? 1759లో జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్ కోడిపిండాన్నే చూసి దీనికి ఎదురు చెప్పాడు. తర్వాత పేగును గమనించి, అది ముందే తయారై లేదు, చదునైన పొర ముడుచుకుని గొట్టం అవుతోంది అన్నాడు.

నీకు నచ్చని గాస్ట్రులా దగ్గరికి వద్దాం. పేరు పక్కన పెట్టు, జరిగేది చూడు. కోడిలో పిండం మొదట ఒక పల్చటి బిళ్ల. దాని మధ్యలో ఒక గీత పడుతుంది. అటూ ఇటూ ఉన్న కణాలు ఆ గీత దాకా నడిచివచ్చి లోపలికి దిగుతాయి. ముందు దిగినవి అడుగున పరుచుకుని పేగు, కాలేయం, ఊపిరితిత్తుల లోపలి పొర అవుతాయి. తర్వాత దిగినవి మధ్యలో నిలిచి గుండె, రక్తం, కండరాలు అవుతాయి. దిగకుండా పైనే ఉండిపోయినవి చర్మం, మెదడు అవుతాయి. మెదడూ చర్మమూ ఒకే పొర బిడ్డలని మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. మనిషిలోనూ ఇదే గీత, సుమారు పదిహేనో రోజున.

మరి ఏ కణం ఏమి కావాలో ఎవరు చెబుతారు? ఈ ప్రశ్న నీ పుస్తకంలో ఎక్కడా కనబడకపోవడమే నా ఫిర్యాదు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో పిండశాస్త్రవేత్త స్పెమన్ దగ్గర పరిశోధన చేసిన హిల్డె మంగోల్డ్ అనే అమ్మాయి జవాబు చూపింది. న్యూట్ అనే ఉభయచరంలో లేతరంగు పిండం నుంచి, కణాలు లోపలికి దిగే చోటి పైపెదవి ముక్కను కోసి, ముదురు రంగు పిండం పొట్టవైపు అతికించింది. ఆయుధాలు సన్నటి గాజు సూది, పసిపిల్లల వెంట్రుకతో చేసిన ఉచ్చు. యాంటీబయాటిక్‌లు లేని కాలం. చాలా పిండాలు చచ్చిపోయాయి. బతికి ఫలితం చూపించినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో పొట్టవైపున రెండో వెన్ను, మెదడూ వెన్నుపామూ అయ్యే గొట్టం, అంటే నాడీనాళం, రెండోది లేచాయి. రంగును బట్టి చూస్తే ఆ రెండో శరీరంలో ఎక్కువ భాగం ఆతిథ్యమిచ్చిన పిండానిదే. అంటే అతికించిన ముక్క తానే అన్నీ కాలేదు, పొరుగు కణాలను పిలిచి పని అప్పగించింది. 1924లో ఆ వ్యాసం వచ్చింది. అదే ఏడాది ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆమె పోయింది. పాతికేళ్లు. 1935లో నోబెల్ స్పెమన్‌కు వచ్చింది.

నాడీనాళం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మనిషిలో అది సుమారు ఇరవై ఎనిమిదో రోజుకల్లా మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. అది సరిగ్గా మూసుకోవడానికి సాయపడే ఫోలిక్ ఆమ్లం రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందు నుంచే వేసుకోమనేది అందుకే.

ఇంకొకటి. నీ పుస్తకంలో ఉన్న "మానవ పిండం చేప దశను దాటుతుంది" అన్న వాక్యాన్ని పెన్సిల్‌తో కొట్టెయ్యి. ఆ మాటను ప్రచారం చేసిన జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ తన పిండాల బొమ్మల్లో పోలికలను ఎక్కువ చేసి గీశాడు. మన మెడ దగ్గర వచ్చే మడతలు మొప్పలు కావు. చేపలో అవి మొప్పలకు, దవడకు ఆధారమవుతాయి. మనలో వాటి నుంచే దవడ, చెవిలోని చిట్టి ఎముకలు వస్తాయి. పోలిక మాత్రం నిజమే. పిండశాస్త్రవేత్త ఫాన్ బేర్ రెండు సీసాల్లో పిండాలు దాచి చీటీ అంటించడం మరిచిపోయాడట. తర్వాత చూస్తే అవి బల్లివో, పిట్టవో, క్షీరదానివో పోల్చుకోలేకపోయానని 1828లో తానే రాసుకున్నాడు. నీ సీసాలకు చీటీలు మరిచిపోకు.

వచ్చే వారం నీ చేతికి గుడ్డు వస్తుంది. కిటికీ తెరిచాక గుండెను చూసి ఆగిపోకు. వెన్నుకు అటూ ఇటూ జతలుజతలుగా పేర్చిన చిన్న దిమ్మలు కనిపిస్తాయి, అవి సోమైట్లు. కోడిలో గంటన్నరకు ఒక జత పుడుతుంది. తల వైపు నుంచి తోక వరకు లెక్కపెట్టి నాకు ఫోను చెయ్యి. ఆ గుడ్డును ఇంక్యుబేటర్‌లో ఎప్పుడు పెట్టారో నేను చెబుతాను, నువ్వు ల్యాబ్ రిజిస్టరు తీసి సరిచూడు.

అమ్మ