ఆ మొదటి డబ్బు మీరిచ్చిందే

మా జడ్పీ హైస్కూల్ 2004 పదో తరగతి బ్యాచ్‌కీ, ఆ గ్రూపులో లేకపోయినా డబ్బు పంపిన మిగతావాళ్ళకీ నమస్కారం. పార్కిన్సన్స్ జబ్బు మీద మేం చేస్తున్న పరిశోధనకి మీ అందరి నుంచీ మొత్తం 2,18,500 రూపాయలు వచ్చాయి. అంతా మా సంస్థ ఖాతాలోకే వెళ్ళింది, నా చేతికి రాలేదు. ఏమైందో చెప్పాలి కదా.

పార్కిన్సన్స్ అంటే చేతులు వణకడమనే అనుకుంటాం. మా పెదనాన్నకి వణుకు రావడానికి ఐదారేళ్ళ ముందే పప్పులో ఇంగువ వాసన తెలియడం మానేసింది. వేయడం మర్చిపోయిందని పెద్దమ్మ మీద కేకలేసేవాడు. ఈ జబ్బులో చాలామందికి వాసన ముందే పోతుందని మాకప్పుడు తెలియదు. చెయ్యి వణికే వేళకి మెదడులో డోపమైన్ (కదలికలు సాఫీగా సాగడానికి కావాల్సిన రసాయనం) తయారుచేసే కణాలు చాలావరకు పోయి ఉంటాయి. అక్కడ ముద్దలుగా పేరుకునేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ అని 1997లో తేలింది. దాన్ని వెన్ను నీటిలో పట్టే పరీక్ష ఇప్పుడుంది. కానీ ఏ జబ్బూ కనపడని మనిషి వెన్నులో సూది అంటే ఒప్పుకుంటాడా? ముక్కులోంచి పుల్లతో తీసిన నమూనాలో దొరుకుతుందేమో చూడటమే మా పని. బయటి దేశాల్లోనూ చూస్తున్నారు.

గ్రాంటు అడిగితే "ప్రాథమిక ఫలితాలేవీ?" అంటారు. ఫలితాలు రావాలంటే డబ్బుండాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. (మెదడు జబ్బుల మీద పనిచేసేదాన్ని, ఈ సామెత వాడకూడదేమో!) ఆ ముడి విప్పింది మీరే.

ఆ ప్రోటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ, నాలుగు చుక్కలుండే సీసాకే 52,000 అయింది. మొదటి పార్సిల్ దారిలో ఆలస్యమై, చల్లగా ఉంచే డ్రై ఐస్ అయిపోయి పాడైపోయింది. మళ్ళీ పంపారు గానీ ఐదు వారాలు ఒకటే టెన్షన్. ఇప్పుడు పద్ధతి కుదిరింది. అంటే మేం కావాలని కలిపిన ప్రోటీన్‌ని పరీక్ష పట్టుకుంటోంది. మనుషుల నమూనాల్లో మాత్రం ఇంకా తికమకే. నైతిక కమిటీ అనుమతితో ముక్కులో పుల్ల పెట్టించుకున్న 18 మందికీ, "కరోనా టెస్టే కదే" అంటూ అందరికన్నా ముందు కూర్చున్న పిన్నికీ దండాలు.

"మందెప్పుడొస్తుంది?" అని కొందరు అడిగారు. మా పనిలోంచి మందు రాదు. అయినా 1937లో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దూలగొండి గింజల్లోంచి ఎల్-డోపా (మెదడు డోపమైన్‌గా మార్చుకునే పదార్థం) వేరు చేసినప్పుడు అది పార్కిన్సన్స్‌కి పనికొస్తుందని ఎవరికీ తెలియదు. 1961లో వియన్నాలో రోగులకిస్తే, లేవలేనివాళ్ళు లేచి నడిచారు. పెదనాన్న రోజూ వేసుకునే మాత్రలో ఉన్నదీ అదే. (అలాగని దూలగొండి పొడి డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి, మావయ్యా.)

ఇంకా 11,300 మిగిలాయి. వాటితో ఈ నెల పరీక్షలకి వాడే ల్యాబ్ ప్లేట్లు కొంటున్నాం. వచ్చే నెల గ్రాంటుకి మళ్ళీ అప్లై చేస్తున్నా, ఈసారి చూపించడానికి ఒక గ్రాఫ్ ఉంది. బిల్లులన్నీ గ్రూపులో పెట్టాను. పేరు రాయొద్దన్న మెడికల్ షాపు బాబాయ్, రాయలేదు చూడు.